పరామర్శకి వెళ్లి "ఏ పాపం చేశారో" అనకండి

1996 నవంబరు 6 తుపాను పేరెత్తితే కోనసీమలో ముందు కూలిన కొబ్బరితోటల లెక్క వస్తుంది. తర్వాత, కాస్త గొంతు తగ్గించి, పోయినవాళ్ల గురించి "ఏ పాపం చేశారో" అనే మాట. చర్చి మెట్ల మీదా అదే మాట. బైబిలు దాన్ని ఒప్పుకోదు.

లూకా 13 తీయండి. సిలోయము గోపురం కూలి 18 మంది పోయారు. వాళ్లు యెరూషలేములో అందరికన్నా ఎక్కువ పాపులా అని యేసే అడిగి, కాదని తనే చెప్పాడు. ఆ వెంటనే, మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారన్న మాట ఉంది. ప్రసంగాల్లో ఆ ముక్క పట్టుకుని, ముందున్న "కాదు"ని మింగేస్తారు. యోహాను 9లో పుట్టుగుడ్డివాడి గురించీ అంతే. వీడి పాపమా, కన్నవాళ్ల పాపమా అని శిష్యులు అడిగితే రెండూ కాదన్నాడు.

మరి కష్టాలెందుకు? మనిషి తన ఇష్టంతోనే చెడు ఎంచుకున్నాడన్నది పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను దారి. తాగి లారీ నడిపినవాడు గుద్దితే ఇది సరిపోతుంది. తుపాను దగ్గర చాలదు, గాలికి ఇష్టాయిష్టాలుండవు కదా. అక్కడ సృష్టంతా మూలుగుతోందన్న రోమా 8:22 చూపిస్తారు. 2వ శతాబ్దపు క్రైస్తవ బోధకుడు ఇరేనియస్ అయితే మనిషిని ఇంకా ఎదగాల్సినవాడిగా చూశాడు. ఆ ఎదుగుదలకి కష్టం పనికొస్తుందన్న ఆలోచన అక్కణ్ణుంచి వచ్చిందే. తన కష్టం గురించి తను అనుకుంటే బావుంటుంది. బిడ్డ పోయిన తల్లికి పక్కవాళ్లు చెబితే కసాయితనం.

పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి పరామర్శకి వచ్చిన స్నేహితులు చేసిన మంచిపని ఒక్కటే, యోబు గ్రంథం 2:13లో ఉంది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద కూర్చుని నోరు మెదపలేదు. నోరు తెరిచాకే చెడింది. అన్నీ భక్తిమాటలే, అయినా 42:7లో దేవుడి కోపం వాళ్లమీదే. నిలదీసిన యోబే సరిగ్గా మాట్లాడాడట! ఆ కష్టాల వెనక పరలోకంలో దేవుడికీ సాతానుకీ జరిగిన సంభాషణ, చదివే మనకి తెలుసు. యోబుకి మాత్రం చివరిదాకా ఎవరూ చెప్పలేదు.

గుమ్మం దాటగానే, దేవుణ్ణి ప్రేమించేవాళ్లకి అన్నీ మేలుకేనన్న రోమా 8:28 ఎత్తుకోవద్దు. వాక్యం తప్పని కాదు, వేళ తప్పు. "దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడు" అనేది పిల్లలు వింటుంటే అసలొద్దు. నాన్నని ఎత్తుకుపోయింది దేవుడేననుకుంటారు. 22వ కీర్తన చదవండి, సిలువ మీద యేసు నోట వచ్చింది దాని మొదటి మాటే. చేపల వేటకెళ్లినవాడి శవం కూడా దొరకని ఇంట్లో అయితే 88వ కీర్తన. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే దగ్గర ఆగిపోతుంది. దానికి ఆశమాట అతికించకండి.

అలాంటి ఇంట్లో భూస్థాపన ఉండదు. ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ల ఇంట్లో పెట్టే ప్రార్థన, దాని తేదీ ఇంటివాళ్లే చెప్పాలి. పడవ వస్తుందేమోనని నెలల తరబడి రేవుకేసి చూసేవాళ్లుంటారు. కూడిక పెట్టినా ప్రసంగం పది నిమిషాలు చాలు, మైకు అక్కర్లేదు. రెండోవారంలో మళ్లీ వెళ్లండి, అప్పటికి చుట్టాలు సర్దుకుని వెళ్లిపోతారు. అన్నం క్యారేజీ పట్టుకెళ్లండి. శవం లేకుండా మరణ ధ్రువపత్రం తేవడం పెద్ద తిరుగుడు. ఆఫీసుకి పోయినవాడి భార్యతో పాటు సంఘంలోంచి ఒకరు వెళ్లాలి.