విశాఖలో మొక్కల అక్వేరియం: ముందు వేడి, తర్వాత నీళ్ళు, ఆ తర్వాతే అందం

మొక్కల అక్వేరియం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చల్లటి దేశాలవాళ్ళవి. హీటర్ ఎంత వాటేజీది కొనాలో వివరంగా చెబుతారు. మనకు హీటర్‌తో పనే లేదు. మే నెలలో విశాఖ ఇళ్ళలో తొట్టి నీళ్ళు వాటంతటవే 30, 31 డిగ్రీలకు చేరతాయి. నీటి మీదకు చిన్న ఫ్యాన్ తిప్పితే ఆవిరవుతూ చల్లబడే మాట నిజమే గానీ, మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప. నీటిని చల్లబరిచే చిల్లర్ మెషీన్‌కి ఖర్చు పెట్టేకంటే వేడికి తట్టుకునే మొక్కల్నీ చేపల్నీ ఎంచుకోవడమే తెలివైన పని.

మొదటిసారికి 60×30×36 సెంటీమీటర్ల తొట్టి సరిపోతుంది. అంచుదాకా 65 లీటర్లు పడుతుంది. ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే నికరంగా 50 లీటర్ల నీళ్ళు. అంతా కలిపి 80 కిలోలకు తగ్గదు, కాబట్టి గాజు బల్ల మీదా, వంగే చెక్క అల్మారా మీదా పెట్టొద్దు. అడుగున పలచటి ఫోమ్ షీటు పరవండి. ఎండ పడే కిటికీ పక్కన పెడితే పాచినీ వేడినీ కలిపి పిలిచినట్టే.

ఇసుక విషయంలో బీచ్ వైపు చూడొద్దు. అందులో ఉప్పూ గవ్వల పొడీ ఉంటాయి. కడిగితే ఉప్పు పోతుంది, గవ్వ పోదు. అది కరుగుతూ నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నీ పెంచుతూనే ఉంటుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడ చేయి పెట్టే ప్రశ్నే లేదు. ఇళ్ళు కట్టే నది ఇసుక మేలు. జల్లించి, 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువులు ఉంచుకోండి. 5 సెంటీమీటర్ల మందానికి సుమారు 14 కిలోలు కావాలి. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాల్సిందే. పిడికెడు ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి, బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు. రాళ్ళకీ ఇదే పరీక్ష. బొర్రా గుహల వైపు రాయి సున్నపురాయి, తొట్టికి పనికిరాదు.

ఇసుక కింద పెరటి మట్టి వేసే పద్ధతి ఒకటుంది. బాగానే పనిచేస్తుంది, కానీ వేడి నీటిలో ఆ మట్టిలోని సేంద్రియం తొందరగా కుళ్ళి అమ్మోనియా వదులుతుంది. మొదటి తొట్టికి ఉత్త ఇసుక, వేర్ల దగ్గర గుచ్చే ఎరువు బిళ్ళలు చాలు.

ఇక నీళ్ళు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయికి వచ్చేవి రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ, ఏలేరు లాంటి చోట్ల నుంచి తెచ్చే ఉపరితల జలాలు కాబట్టి మొక్కలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. తీసేయాల్సింది క్లోరిన్. బకెట్లో పట్టి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచండి. తొందరైతే 20 లీటర్లకు సోడియం థయోసల్ఫేట్ 0.3 గ్రాము చాలు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్నా విరిగిపోతుంది. తీరానికి దగ్గరున్న అపార్ట్‌మెంట్లలో చాలామందికి వచ్చేది బోరు నీరు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో చూసి 600 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాటితే సగానికి సగం ఆర్‌ఓ మంచినీళ్ళు కలపండి. ఆర్‌ఓ మెషీన్ బయటకు వదిలే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఎండాకాలం ఆవిరైన మేర నింపడానికి కూడా ఆర్‌ఓ నీళ్ళే వాడండి. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. బోరు నీళ్ళే మళ్ళీ మళ్ళీ పోస్తే వారం వారం కాఠిన్యం పెరుగుతుంది.

లైటుకు 6500 కెల్విన్ తెల్లటి ఎల్‌ఈడీ బ్యాటెన్లు, రెండడుగులవి, 10 వాట్లవి రెండు. టైమర్ ప్లగ్ పెట్టి మొదటి నెల రోజుకు ఆరు గంటలే వెలిగించండి. వైరు ప్లగ్గు కంటే కిందకు వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వదలండి. వైరు వెంట జారిన నీరు సాకెట్లోకి కాకుండా నేల మీద పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఇంత లైటుకు అవసరం లేదు. దానికోసం కొందరు పెట్టే పంచదార, ఈస్ట్ సీసా మన వేడికి మొదట విపరీతంగా పొంగి, త్వరగా చల్లారిపోతుంది.

మొక్కల్లో వాలిస్నేరియా, హైగ్రోఫిలా, హార్న్‌వర్ట్, అనూబియాస్, క్రిప్టోకొరైన్ వేడిని ఓర్చుకుంటాయి. ఇసుక మీద పళ్ళెం పెట్టి దాని మీదుగా సగం దాకా నీళ్ళు పోసి, పట్టకారుతో నాటండి. కాడ మొక్కలకు కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి గుచ్చాలి. అనూబియాస్ దుంపకాడను పాతితే కుళ్ళిపోతుంది, రాయికి దారంతో కట్టండి. క్రిప్టోకొరైన్ ఆకులు రెండో వారంలో జిగురుగా కరిగిపోతే చచ్చిందని పీకెయ్యకండి. వేరు బతికే ఉంటుంది, కొత్త నీటికి తగ్గ ఆకులు మళ్ళీ వేస్తుంది. చెరువు నుంచి తెచ్చిన మొక్కల్ని లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచి కడగండి.

చేపలకు కనీసం మూడు నాలుగు వారాలు ఆగాలి. ఫిల్టర్ స్పాంజిలో అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా పెరగాలి. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు చేపల మేత వేయండి, అది కుళ్ళి వదిలే అమ్మోనియాయే వాటికి ఆహారం. ఎవరి తొట్టిలోనైనా నడుస్తున్న స్పాంజి పిండిన నీళ్ళు దొరికితే పని వేగమవుతుంది. మన ఊళ్ళో ఈ ఓపిక ఇంకా అవసరం, ఎందుకంటే వేడీ పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది: 30 డిగ్రీల్లో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే ఉంటుంది. పీహెచ్ 8 అయితే 7 శాతం దాటుతుంది. నీటి పరీక్ష కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా రావాలి. చేపల్లేని ఈ వారాల్లో తొట్టి దోమల పెంపకం కాకుండా పైన సన్నటి వల కప్పండి.

మొదట ఆరు గప్పీలు, ఆ తర్వాత ఒక జత హనీ గౌరామీ. నియాన్ టెట్రాలకు మన వేసవి పడదు. గోల్డ్‌ఫిష్ మొక్కల్ని పెళ్ళగించి తింటుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ ఇముడుతుంది: 25 డిగ్రీల్లో లీటరుకు 8.2 మిల్లీగ్రాములు, 31లో 7.4. పైగా రాత్రిళ్ళు మొక్కలూ ఆక్సిజన్ వాడుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే కారణం ఇదే. లైటు ఆరగానే ఎయిర్ పంపు వెలిగేలా పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని ఊరు మనది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

మొదటి వారాల్లో గాజు మీద గోధుమరంగు పొర వస్తుంది, తుడిస్తే పోతుంది, కొన్నాళ్ళకు రావడమే మానేస్తుంది. ఆకుపచ్చ దారాల పాచి వస్తే లైటు గంట తగ్గించి, అంతర తామర నాలుగు మొక్కలు తేలనివ్వండి. ముదురు ఆకులు పసుపైతే నత్రజని లోపం, వాటికి సూది బెజ్జాల్లాంటి చిల్లులు పడితే పొటాషియం లోపం. రెంటికీ ఎరువుల దుకాణంలో 13-0-45 పేరుతో దొరికే పొటాషియం నైట్రేట్ సరిపోతుంది. 50 లీటర్లకు వారానికి 0.4 గ్రాము వేస్తే నైట్రేటు 5 పీపీఎం పెరుగుతుంది. లేత ఆకులు వెలిసిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము కావాలి.

వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చండి. తీసిన నీళ్ళు కుండీల్లో పోస్తే పూల మొక్కలు వాటిని ఇష్టంగా తాగుతాయి. కత్తిరించిన కాడలు, ఎక్కువైన గప్పీలు మాత్రం గెడ్డల్లోకీ (వాగుల్లోకీ) ముడసర్లోవ జలాశయంలోకీ వెళ్ళకూడదు: కాడల్ని ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి, గప్పీల్ని తొట్టి ఉన్న ఇంకొకరికి ఇవ్వండి.