రెండు సెన్సర్లు కూడబలుక్కోవు

కాలుష్య పరీక్ష గడువు ముంచుకొస్తోంది. డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ దీపం ఎంతకీ ఆరడం లేదు. ఇవి చాలవన్నట్టు ఈ ఉదయం తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు ఒక మూలుగు మూలిగి, ఇక తప్పదన్నట్టు ఇంజిన్‌ను తిప్పింది. సెలవు రోజు కాబట్టి పాత చొక్కా తొడుక్కుని, మల్టీమీటరు, టార్చిలైటు పట్టుకుని బయటికి నడిచాను. "సాయంత్రం ఆ కారులోనే వెళ్లాలి, ముక్కలుగా విప్పి పెట్టకండి" అని మా ఆవిడ లోపలి నుంచే హెచ్చరించింది.

మొన్న మెకానిక్ స్కానర్ తగిలించి, రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేశాడు. "ఆక్సిజన్ సెన్సర్లు రెండూ పోయాయి సార్. ఎలాగూ విప్పుతాం కదా, కన్వర్టర్ కూడా మార్చేద్దాం, మళ్లీ చూసుకోనక్కర్లేదు." ఆక్సిజన్ సెన్సర్ అంటే పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టేది, కన్వర్టర్ అంటే పొగ గొట్టంలో విషవాయువులను మార్చే డబ్బా. స్కానర్ చూపించిన లోపాల కోడ్లు ఒక కాగితం మీద రాసిమ్మని అడిగి తెచ్చుకున్నాను. పి0135, పి0141. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేసిన, కారు తన లోపాలను తానే పసిగట్టి చెప్పే ఓబీడీ-2 పద్ధతి పుణ్యమా అని ఇలాంటి సాధారణ కోడ్లకు ఏ కంపెనీ కారులోనైనా అర్థం ఒకటే. మొదటిది కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. రెండోది కన్వర్టర్ తరువాత ఉన్న సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. సెన్సర్ చచ్చిందని ఎక్కడా లేదు. కన్వర్టర్ ఊసే లేదు. పైగా రెండు సెన్సర్ల హీటర్లు కూడబలుక్కుని ఒకే పూట కాలిపోవడం నేను నమ్మను. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయి ఉండాలి.

ఈ హీటర్ గొడవ ఏమిటంటే, ఆక్సిజన్ సెన్సర్‌లో ఉండే జిర్కోనియా పింగాణీ చల్లగా ఉంటే మూగది. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ నోరు విప్పదు. అప్పుడు పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే 0.1 వోల్టు దగ్గర, తక్కువగా ఉంటే 0.9 వోల్టు దగ్గర సంకేతం ఇస్తుంది. కారులోని కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోలు కాస్త తగ్గిస్తూ, కాస్త పెంచుతూ, ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అనే బరువుల లెక్క తప్పకుండా చూస్తుంది. 1976లో వోల్వో కార్లలో ఈ సెన్సర్ మొదటిసారి వచ్చినప్పుడు హీటర్ లేదు. పొగ వేడికే అది కాగాలి. తరువాత లోపల ఒక చిన్న హీటర్ పెట్టి, బండి కదిలిన కొద్ది సేపటికే పని మొదలుపెట్టేలా చేశారు.

హీటర్ లేకపోయినా బండి ఆగదు. అదే దీనిలోని మాయ. సెన్సర్ మేలుకునే దాకా కంప్యూటర్ అంచనా మీద పెట్రోలు పోస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువే పోస్తుంది. అటు కన్వర్టర్ కూడా 250, 300 డిగ్రీలకు చేరే వరకు చేతులు ముడుచుకునే ఉంటుంది. దాని లోపలి తేనెపట్టు గదుల మీద పూసిన ప్లాటినం, పల్లాడియం, రోడియం వేడెక్కితే గానీ కార్బన్ మోనాక్సైడును, కాలని పెట్రోలును, నైట్రోజన్ ఆక్సైడులను మార్చలేవు. అందుకే చిన్న ప్రయాణంలో సైలెన్సర్ గొట్టం నుంచి వచ్చే విషంలో ఎక్కువ భాగం మొదటి కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తుంది. నేను రోజూ చేసేవన్నీ చిన్న ప్రయాణాలే. ఈ మధ్య పొద్దున్నే కారు వెనక నిలబడితే పచ్చి పెట్రోలు వాసన రావడానికి, ట్యాంకు ముల్లు మామూలుకన్నా ముందే కిందికి దిగడానికి కారణం ఇదేనని ఒక అనుమానం. అనుమానం కోర్టులో నిలవదు కాబట్టి బానెట్ ఎత్తాను.

ముందు బ్యాటరీ. 12.2 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 చూపించాలి. ఇంజిన్ నడుస్తుంటే 14.2 వస్తోంది, అంటే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ దాని పని అది చేస్తోంది. నింపేవాడు నింపుతున్నాడు, నిలబెట్టినప్పుడు ఎవరో తాగేస్తున్నారు. కారు రెండు మూడు రోజులు కదలకపోతేనే ఈ మూలుగు వస్తోందన్నది కూడా దీనికి సరిపోయింది.

దొంగ కరెంటును పట్టుకోవడానికి పాత పద్ధతి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టడం. అది మంచిదే గానీ, తీగ విప్పగానే కంప్యూటర్ కోడ్లు, ఇన్నాళ్లు నేర్చుకున్న సర్దుబాట్లు తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. సాక్ష్యం ఉన్న చోట కడిగేయడం నాకు ఇష్టం లేదు. అందుకని ఫ్యూజుల మీద వోల్టేజి కొలిచే దారి పట్టాను. ఫ్యూజు తలమీద రెండు వైపులా సూదిమొనంత లోహం బయటికి కనబడుతుంది. అక్కడ మీటరు మొనలు ఆనిస్తే, ఆ ఫ్యూజు గుండా కరెంటు పారుతున్నప్పుడు కొద్ది మిల్లీవోల్టులు కనిపిస్తాయి. పారకపోతే సున్నా. ఏదీ పీకనక్కర్లేదు. తలుపు తెరిచి ఉంచి పని చేయాలి గనుక తలుపు గడిని స్క్రూడ్రైవరుతో నొక్కి, మూసేసినట్టు కారును భ్రమపెట్టాను. అరగంట ఆగాను. ఈ ఆగడమే ఎవరూ చేయరు. తాళంచెవి బయటికి తీశాక కూడా కారులోని చిన్న కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. అవి మేలుకుని ఉండగా కొలిచి, ఏదో లీకేజి ఉందని హడావుడి పడి, మంచి భాగాలు మార్పించుకున్నవారు నాకు తెలుసు.

అరగంట తరువాత ఒక్కొక్క ఫ్యూజునూ పలకరించుకుంటూ పోయాను. సున్నా, సున్నా, సున్నా. లోపలి లైట్ల ఫ్యూజు మీద మాత్రం సుమారు మూడు మిల్లీవోల్టులు. పైన టాపు లైటు ఆరిపోయే ఉంది. ముందు సీటు ఎదుటి అరలో లైటు లేదు. ఇక మిగిలింది డిక్కీ. డిక్కీ మూసేశాక లోపల లైటు ఆరిందో లేదో చూడడం ఎలా? ఫోనులో వీడియో ఆన్ చేసి, లోపల ఆనించి పెట్టి, మూత వేసి, మళ్లీ తీశాను. వీడియోలో మూత పడింది, చప్పుడు వినిపించింది, లైటు మాత్రం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. మూత మూసినప్పుడు నొక్కుకోవాల్సిన స్విచ్చు అరిగిపోయింది. 5 వాట్ల బల్బు. 12 వోల్టుల మీద అది తీసుకునేది 0.4 ఆంపియరుకు కాస్త ఎక్కువ. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ రోజుకు పది ఆంపియర్-గంటలు. మాది 45 ఆంపియర్-గంటల బ్యాటరీ. రెండు రోజులు కదలకుండా ఉంటే సగానికి దగ్గరగా ఖాళీ అవుతుంది. నిద్రపోతున్న కారు మామూలుగా 50 మిల్లీఆంపియర్ల లోపే తీసుకోవాలి. మొత్తం కారు తాగాల్సిన దానికి ఎనిమిది రెట్లు ఈ ఒక్క బల్బు తాగేస్తోంది. బల్బు పీకి జేబులో వేసుకున్నాను.

ఫ్యూజు పెట్టె ఎలాగూ తెరిచే ఉంది. ఈసారి తాళం ఆన్ చేసి, ఒక మొన ఇంజిన్ లోహానికి ఆనించి, రెండో మొనతో ప్రతి ఫ్యూజు రెండు వైపులా తాకుతూ వచ్చాను. బాగున్న ఫ్యూజుకు రెండు వైపులా 12 వోల్టులు రావాలి. ఒక నీలం ఫ్యూజుకు ఒక వైపే వచ్చింది. నీలం అంటే 15 ఆంపియర్లు. మూత వెనక బొమ్మ చూస్తే సెన్సర్ హీటర్ల ఫ్యూజు అదే, రెండు సెన్సర్లకూ కలిపి ఒక్కటే. నా అనుమానానికి సాక్షి దొరికాడు.

ఇక్కడితో కొత్త నీలం ఫ్యూజు గుచ్చి లోపలికి పోయి ఫ్యాను కింద కూర్చోవచ్చు. చాలామంది అంతే చేస్తారు. అది మళ్లీ కాలితే 20 వేస్తారు, ఆపైన వెండి కాగితం చుడతారు. ఫ్యూజు ఉన్నది సెన్సర్‌ను కాపాడడానికి కాదు, తీగను కాపాడడానికి. ఫ్యూజు కాలనని మొండికేస్తే తీగ కాలుతుంది, తీగ ఎక్కడెక్కడి నుంచి వెళుతుందో తెలిసినవాడెవడూ ఆ పని చేయడు.

రెండు సెన్సర్ల కప్లింగులు విప్పి హీటర్లను ఓములలో కొలిచాను. రెండూ పది లోపు చూపించాయి. తెగిపోయి ఉంటే మీటరు ఏమీ చూపించేది కాదు. సెన్సర్లు బతికే ఉన్నాయి. ఇక కప్లింగు నుంచి తీగల కట్టను వేలితో తడుముతూ వెనక్కి వెళ్లాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. ఆ ప్రాంతంలో తొందరపడితే చేతి మీద మచ్చ శాశ్వతంగా ఉంటుంది. ముందు సెన్సర్‌కు జానెడు దూరంలో తీగలను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయి, కట్ట మొత్తం వేలాడి, పొగ గొట్టం మీది రేకుకు ఆనుకుని ఉంది. ఒక తీగ తొడుగు కరిగి, లోపలి రాగి కనబడుతోంది. గతుకుల్లో కారు ఎగిరినప్పుడల్లా ఆ రాగి రేకును ముద్దాడి ఉంటుంది. ఒక ముద్దు గట్టిగా తగిలినట్టుంది, ఫ్యూజు పోయింది.

అదృష్టం ఏమిటంటే దెబ్బ తిన్నది కారు వైపు తీగ. సెన్సర్‌కు పుట్టుకతో వచ్చిన తీగ అయితే అతకడం మంచిది కాదు. చాలా రకాల సెన్సర్లు పోలిక కోసం కావలసిన బయటి గాలిని ఆ తీగ పోగుల సందుల్లోంచే పీల్చుకుంటాయి. సీసం కరిగించి పోస్తే ఊపిరి ఆగిపోతుంది. కాలిన ముక్క కత్తిరించి, కొత్త ముక్క వేసి, బిగించి అతికి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, దాని మీద వేడిని తట్టుకునే ఇంకో తొడుగు వేసి, ఈసారి లోహపు క్లిప్పుతో రేకుకు దూరంగా కట్టేశాను. పనిలో పనిగా బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా నీళ్లతో కడిగి, ఎర్త్ తీగ బోల్టును విప్పకుండానే చుట్టూ గరుకు కాగితంతో రుద్ది బిగించాను. దీని వల్ల ఏమైనా ఒరిగిందా అంటే చెప్పలేను, మనసుకు మాత్రం హాయిగా ఉంది.

కొత్త నీలం ఫ్యూజు పెట్టి, ఇంజిన్ నడిపి, ఫోనుకు జత చేసిన, సెన్సర్ల లెక్కలు చూపే చిన్న రీడరులో చూశాను. ముందు సెన్సర్ కొద్ది సేపట్లోనే కిందికీ పైకీ ఊగడం మొదలుపెట్టింది. అలా ఊగడమే దాని ఆరోగ్యం. కారును కాస్త తిప్పి తెచ్చాక వెనక సెన్సర్ 0.6, 0.7 వోల్టుల మధ్య కదలకుండా నిలబడింది. అలా కదలకపోవడమే కన్వర్టర్ ఆరోగ్యం. లోపల ఆక్సిజన్ ఖర్చవుతోంది కాబట్టే వెనక ఊపు కనబడదు. మార్చేద్దామన్న కన్వర్టర్ శుభ్రంగా పని చేస్తోంది.

మధ్యాహ్నం బావగారు ఫోను చేశారు. "కోడ్లు చెరిపేసి నేరుగా పరీక్షకు తీసుకుపో, దీపం లేకపోతే ఎవడు అడుగుతాడు?" అన్నారు. ఆయన కారుకు కన్వర్టర్ లోపలి దిమ్మను ఎప్పుడో తీయించేశారు, లాగుడు పెరిగిందని ఇప్పటికీ చెబుతుంటారు. "బావగారూ, చెరిపేసిన సంగతి కూడా కారు దాచుకోదు" అన్నాను. కోడ్లు తుడిస్తే కారు తనను తాను పరీక్షించుకున్న స్వయం పరీక్షల గుర్తులు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. చల్లటి ఇంజిన్‌తో ఒకసారి, నిలకడ వేగంతో ఒకసారి, ఆగుతూ వెళుతూ ఒకసారి నడిస్తేనే అవి ఒక్కొక్కటిగా పూర్తవుతాయి. పరీక్షించేవాళ్లు అది చూశారంటే కథ తెలిసిపోతుంది. పరీక్షలో మాత్రమే బుద్ధిగా ఉండే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ దాదాపు కోటీ పది లక్షల డీజిల్ కార్లలో పెట్టి 2015లో ప్రపంచం ముందు దొరికిపోయింది. అంత పెద్ద ఇంజినీర్లే దాచలేకపోయారు, మన దిమ్మ ఎంత? ఆయన నవ్వి మాట మార్చారు. మనసు మారిందని నేను అనుకోవడం లేదు.

పక్కింటాయన గోడ మీద నుంచి ఇదంతా చూస్తూ, విద్యుత్ కారు కొనుక్కుంటే ఈ పొగ బాధలుండవు కదా అన్నాడు. పొగ ఉండదు, ఒప్పుకున్నాను. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. పెట్రోలు బరువు ముప్పావు కిలోకు అటూ ఇటూగా ఉంటుంది, మిగతా బరువు గాలిలోంచి తీసుకున్న ఆక్సిజన్‌ది. దాన్ని ఏ కన్వర్టరూ ఆపలేదు. కానీ విద్యుత్ కార్లలో చాలావాటిలోనూ పెద్ద బ్యాటరీని మేల్కొలపడానికి ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే అడుగున అంత కరెంటు పెట్టుకుని కూడా తలుపు దగ్గరే నిలబెట్టేస్తుంది. డిక్కీ లైటు ఎవరి కారులో అయినా డిక్కీ లైటే.

సాయంత్రం ప్రయాణంలో ఇంజిన్ దీపం దానంతట అదే ఆరలేదు. ఆరదు కూడా. లోపం కనబడని ప్రయాణాలు వరుసగా కొన్ని పూర్తయితే గానీ కంప్యూటర్ నమ్మదు. చెరిపేయకుండా దాన్ని అలాగే వదిలేశాను. పరీక్షకు ఈ వారం చివర వెళతాను. ఈలోగా డిక్కీ స్విచ్చు తేవాలి, బల్బు ఇంకా చొక్కా జేబులోనే ఉంది, ఉతకడానికి వేసేలోపు తీయాలి.