వంజంగి కొండకి, కటికి జలపాతానికి 34 లీటర్ల బ్యాగుతో

వైజాగ్‌లో ఉండటంలో ఒక గొప్ప సుఖం ఉంది. శనివారం పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి మన్యంలో ఉంటాం, సోమవారం ఒక్కరోజు సెలవు దొరికిందంటే పాడేరు, అరకు, బొర్రా అన్నీ చుట్టేసి రాత్రికి రైల్లో ఇంటికొచ్చేయొచ్చు. ఇలాంటి తిరుగుళ్ళకి కాలేజీ బ్యాగు చాలదు, అలాగని హిమాలయాలకి మోసుకెళ్ళే 70 లీటర్ల మూటా అక్కర్లేదు. 30 నుంచి 40 లీటర్ల మధ్యలో ఒకటి కావాలి. ఈ శీతాకాలం అలాంటిది కొన్నాను, కొన్న వారానికే తమ్ముడితో కలిసి బయల్దేరాను. బ్యాగు గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే: లీటర్లు తర్వాత చూడండి, మొదట మీ వీపు కొలుచుకోండి.

షాపుకి వెళ్ళేటప్పుడు అసలు మోయబోయే సామానే ఒక గుడ్డసంచిలో పట్టుకెళ్ళాను. చలికోటు, రెండు జతల బట్టలు, తువ్వాలు, లీటరు నీళ్ళ సీసాలు రెండు, మందుల డబ్బా, టార్చి, ఛార్జర్లు. ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏదైనా హాయిగానే ఉంటుంది, ఆరేడు కిలోలు పడ్డాకే దాని సంగతి తెలుస్తుంది. షాపు కుర్రాడు ముందు కొంచెం వింతగా చూశాడు కానీ తర్వాత తనే ఒక్కో బ్యాగులో సర్ది పెట్టాడు. పావుగంట పాటు వాటిని తగిలించుకుని షాపులోనే మెట్లు ఎక్కి దిగాను.

వీపు కొలత ఎలాగంటే, తల వంచినప్పుడు మెడ వెనక ఒక ఎముక పొడుచుకొస్తుంది కదా, అక్కడి నుంచి కిందికి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంటే బొటనవేళ్ళు వెన్ను మీద ఎక్కడికొస్తాయో అక్కడి దాకా. టేపుతో ఇంకొకరు కొలవాలి. మనిషి ఎత్తుని చూసి దీన్ని చెప్పలేం. మా తమ్ముడు నాకంటే చాలా పొడుగు, కానీ కొలిచి చూస్తే ఇద్దరి వీపూ దాదాపు ఒకటే, వాడి పొడుగంతా కాళ్ళలోనే ఉంది. బ్యాగు వీపు కంటే పొడుగైతే నడుం బెల్టు తుంటి కిందికి జారిపోతుంది, పొట్టిదైతే పొట్ట మీదకొచ్చి నొక్కుతుంది. రెండిట్లో ఏది జరిగినా బరువంతా భుజాల మీదే పడుతుంది. అందుకే వీపు దగ్గర పట్టీని పైకీ కిందికీ మార్చుకునే వీలున్న 34 లీటర్లది తీసుకున్నాను. లీటర్ల లెక్క కూడా అందరిదీ ఒకటి కాదు, బయటి జేబులు కలిపి చెప్పే కంపెనీలు ఉన్నాయి, కలపకుండా చెప్పేవీ ఉన్నాయి. మన సామాను పట్టిందా లేదా అన్నదే నమ్మదగ్గ కొలత.

హైదరాబాద్‌కి విమానంలో వెళ్ళేటప్పుడూ ఇదే వాడాలని నా కోరిక. మన దేశంలోపలి విమానాల్లో చేతి బ్యాగుకి మామూలుగా 7 కిలోలే ఒప్పుకుంటారు, సైజు కూడా 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందం దగ్గర ఆపుతారు. బ్యాగే రెండు కిలోలుంటే ఇక అందులో పెట్టేదేముంది? నేను కొన్నది కిలో పైన కొంచెం తూగుతుంది.

తమ్ముడు మాత్రం స్నేహితుడి దగ్గర 50 లీటర్లది అడిగి తెచ్చాడు. "అక్కా, నీది కూడా ఇందులో పెట్టేయొచ్చు చూడు" అని ఉత్సాహంగా చూపించాడు కూడా. పెద్ద బ్యాగుతో వచ్చే చిక్కే అది, ఖాళీ కనిపిస్తే నింపాలనిపిస్తుంది. రెండో జత బూట్లు, పెద్ద దుప్పటి, బిస్కెట్ ప్యాకెట్ల దండ, అన్నీ ఎక్కాయి.

చోడవరం దాటి మాడుగులలో బస్సు ఆగగానే వాడు దిగి హల్వా పట్టుకొచ్చాడు. మాడుగుల మీదుగా వెళ్తూ హల్వా కొనకుండా ఉండటం మా ఇంట్లో ఎవరివల్లా కాదు. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు, బాదం, డబ్బా చిన్నదే అయినా గట్టి బరువు. దాన్ని నేను బ్యాగులో వీపుకి ఆనించి మధ్య ఎత్తులో పెట్టాను, నీళ్ళ సీసాలు దాని పక్కన, బట్టలు అడుగున, తేలికపాటి కోటు పైన. సర్దడంలో నేను పాటించేది ఇంతే: బరువైనది వెన్నుకి దగ్గరగా ఉండాలి. ఘాట్ రోడ్డు మలుపుల దగ్గర తల మీద కట్టెల మోపుతో నడిచిపోయే మన్యం ఆడవాళ్ళని గమనించండి. ఆ బరువు తల మీంచి సూటిగా పాదాల్లోకి దిగుతుంది, అందుకే అంత మోపుతోనూ మనిషి నిటారుగా ఉంటుంది. బ్యాగులో బరువు వెనక్కి, అంటే వీపుకి దూరంగా ఉన్న బయటి జేబులోకి వెళ్తే అది మనల్ని వెనక్కి లాగుతుంది, మనం ముందుకి వంగుతాం, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

రాత్రి పాడేరులో లాడ్జిలో పడుకుని, ఇంకా చీకటుండగానే జీపులో వంజంగి వెళ్ళాం. జీపు ఆపిన చోటి నుంచి కొండ ఎక్కాలి. టార్చి వెలుగులో రాళ్ళదారి, మంచుకి తడిసిన గడ్డి, ముందూ వెనకా గుంపులు గుంపులుగా జనం. ఎక్కే ముందు పట్టీలన్నీ వదులు చేసి వరసగా బిగించుకున్నాను. ముందు నడుం బెల్టు, అది తుంటి ఎముకల పైన కూర్చోవాలి, పొట్ట మీద కాదు. తర్వాత భుజాల పట్టీలు, అవి భుజాన్ని తాకాలి గానీ లాగకూడదు. ఆ తర్వాత భుజాల పైనుండే చిన్న పట్టీలు, వాటిని కొంచెం లాగితే బ్యాగు పైభాగం వీపుకి దగ్గరవుతుంది. ఆఖరున ఛాతీ పట్టీ. ఇలా కట్టుకుంటే బరువులో ఎక్కువ భాగం తుంటి మీదకి దిగి కాళ్ళు మోస్తాయి, భుజాలకి మిగిలేది తక్కువే. ఛాతీ పట్టీ బాగా బిగిస్తే ఎక్కేటప్పుడు ఊపిరి అందదు, అది బ్యాగు పక్కలకి ఊగకుండా ఉంటే చాలు.

సగం దారిలో తమ్ముడు ఆగిపోయాడు. "భుజాలు పీకేస్తున్నాయక్కా" అన్నాడు. చూస్తే వాడి బ్యాగు నడుం బెల్టు తొడల దాకా జారి ఉంది, ఎంత బిగించినా పైకి రావట్లేదు. అది పొడుగు వీపు వాళ్ళ కోసం చేసిన సైజు. బ్యాగుని తప్పుపట్టడానికేం లేదు, దాని సొంతదారుడికి అది చక్కగానే ఉండి ఉంటుంది. హల్వా ఎలాగూ నా దగ్గరే ఉంది, వాడి నీళ్ళు కూడా నేనే తీసుకుని, దుప్పటి మడతపెట్టి వాడి వీపుకి ఆనేలా సర్దాను. కొంత నయమైంది.

పైకి చేరేసరికి తూరుపు ఎర్రబడుతోంది. కింద లోయంతా మేఘాలు, తెల్లగా, కదలకుండా, వాటిలోంచి అక్కడక్కడా కొండల తలలు. రోజూ సముద్రం చూసేవాళ్ళమైనా ఆ మేఘాల ముందు మాట రాలేదు. సూర్యుడు పైకొచ్చిన కొద్దీ ఆ తెలుపు మీద బంగారు రంగు పాకుతూ వచ్చింది, పక్కన ఎవరో ముసలాయన చేతులు జోడించి నిలబడ్డారు. ఆ చలిలో నన్ను ఆదుకున్నది పొడి బనియను. ఎక్కేటప్పుడు ఎంత చలికాలమైనా వీపు తడిసిపోతుంది, పైన గాలి తగిలేసరికి ఆ తడి మంచులా పట్టేస్తుంది. అందుకే ఒక పొడి చొక్కా, కోటు రెండూ వెతకకుండా చేతికి అందేలా పైనే పెట్టుకోవాలి.

చెమట మాట వచ్చింది కాబట్టి, వీపుకీ బ్యాగుకీ మధ్య గాలి ఆడేలా సాగదీసిన వల ఉండే బ్యాగుల గురించి చెప్తాను. వైజాగ్ ఉక్కలో, మే నెల్లో కంబాలకొండలో నడిచేటప్పుడు ఆ వల హాయినిస్తుంది, నిజమే. కానీ ఆ ఖాళీ వల్ల బరువు వీపుకి రెండు మూడు వేళ్ళంత దూరం జరుగుతుంది, లోపల చోటు కూడా కొంత పోతుంది. బరువు మోస్తూ కొండలెక్కేవాళ్ళకి నా సలహా, మధ్యలో గాడి ఉండే మామూలు మెత్త వీపు. సింహాచలం గిరి ప్రదక్షిణ లాంటి 32 కిలోమీటర్ల నడకకి నీళ్ళు, తువ్వాలు పట్టే 15, 20 లీటర్ల వల బ్యాగు మంచిది.

వంజంగి దిగి, హుకుంపేట మీదుగా అరకు బస్సు పట్టుకున్నాం. అరకులో కాఫీ తాగి, కాఫీ పొడి కొని, నిద్రపోయాం. చెప్పుకోడానికి అంతకంటే లేదు.

సోమవారం బొర్రా గుహలు చూసి కటికి జలపాతానికి జీపు మాట్లాడుకున్నాం. ఆ జీపు దారి గురించి చెప్పాలంటే, సీటు మీద కూర్చున్నంతసేపటి కంటే గాల్లో ఉన్నంతసేపే ఎక్కువ. ఆపైన కొంత నడక. జలపాతం దగ్గర తుంపరలు దూరం దాకా కొడతాయి, బ్యాగు ఎక్కడ పెట్టినా తడుస్తుంది. బ్యాగుతో వచ్చే వాన కవరు వేశాను, కానీ దాన్ని మాత్రమే నమ్ముకోకూడదు, ఎందుకంటే అది ముందు వైపు కప్పుతుంది, వీపు వైపు తెరిచే ఉంటుంది, వానలో మెడ మీంచి కారే నీళ్ళు అటే దిగుతాయి. లోపల దళసరి ప్లాస్టిక్ సంచి ఒకటి పరిచి, బట్టలన్నీ అందులో వేసి మూతి మెలిపెట్టడం ఖర్చు లేని ఉపాయం.

అక్కడే ఇంకో తేడా బాగా తెలిసింది. నా బ్యాగు ముందు వైపు జిప్పు తీస్తే పెట్టెలా తెరుచుకుంటుంది, అడుగున ఉన్న తువ్వాలు నేరుగా లాగేశాను. తమ్ముడిది పైనుంచి మాత్రమే తెరిచేది, తువ్వాలు కోసం తడి బండ మీద సంసారమంతా పరిచాడు. పైనుంచి తెరిచేవాటికి జిప్పులు తక్కువ, చెడిపోయేదీ తక్కువ, రోజుల తరబడి అడవిలో ఉండేవాళ్ళు అవే ఇష్టపడతారు. బస్సూ లాడ్జీ రైలూ మారే మనలాంటి వాళ్ళకి ముందు జిప్పే సుఖం.

సాయంత్రం బొర్రా స్టేషన్లో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది, సొరంగం వెనక సొరంగం వస్తూనే ఉంటుంది. బోగీలో కాలు పెట్టే చోటు లేదు. నా బ్యాగు సీటు కిందికి దూరింది, తమ్ముడిది కొత్తవలస దాకా వాడి ఒళ్ళోనే ఉంది.

ఇంటికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది, సముద్రం దగ్గర ఉండేవాళ్ళు అసలు మరవకూడదు. బ్యాగుల లోపలి వైపు నీళ్ళు దిగకుండా పాలియురేథేన్ పూత వేస్తారు. తేమ తగిలి తగిలి ఆ పూత కొన్నేళ్ళకి జిగురుగా మారి పొట్టులా రాలుతుంది, మన ఊళ్ళో అటక మీద ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టిన బ్యాగులకి ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఉప్పుగాలికి జిప్పు లాగే లోహపు ముక్కలు కూడా పట్టేస్తాయి. తడిగుడ్డతో తుడిచి, చెమట పట్టిన పట్టీలు మంచినీళ్ళతో కడిగి, నీడలో బాగా ఆరనిచ్చి, గాలి తగిలే చోట వేలాడదీయాలి. వాషింగ్ మెషిన్లో వేయొద్దు, ఎండలో రోజుల తరబడి వదిలేయొద్దు, ఎండకి నైలాన్ దారం బలం పోతుంది.

తమ్ముడు స్నేహితుడి బ్యాగు శుభ్రం చేసి ఇచ్చేశాడు. జీతం రాగానే వాడూ ఒకటి కొంటాడట, 38 లీటర్లది. వాడికి కెమెరా, దాని లెన్సులు ఉన్నాయి కాబట్టి ఆ నాలుగు లీటర్లూ అవసరమే. షాపుకి ఆ కెమెరాతో సహా సామానంతా పట్టుకెళ్ళమని చెప్పాను, టేపు నేను తెస్తాను.