ఎం.ఎస్.డబ్ల్యూ. ప్రిపరేషన్: రెండు ప్రయత్నాలు, ఒక పీట

ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) ఎంట్రన్స్‌కి ఏం చదవాలక్కా అని జూనియర్లు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను. నేను టాపర్‌ని కాను. 2023లో రాసి ఇంటర్వ్యూలో పోయాను, 2024లో మళ్ళీ రాస్తే సీటొచ్చింది. అందుకని ఇందులో సగం ఎలా చదవాలో ఉంటుంది, సగం ఎలా చదవకూడదో ఉంటుంది.

మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు పల్లె. చదివింది బీకాం. బీకాం అయ్యాక ఎంబీఏనే అని ఇంట్లో ఎప్పుడో ఖాయమైపోయింది. సోషల్ వర్క్ అంటే నాన్న కాసేపు ఆలోచించి, "ఊర్లు తిరగనీకి పీజీ ఎందుకు బిడ్డా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ముందు పరీక్షల సంగతి. ఏ డిగ్రీ చేసినా ఎం.ఎస్.డబ్ల్యూ.కి రావచ్చు, సోషల్ వర్క్ డిగ్రీ బీఎస్‌డబ్ల్యూనే ఉండాలనేం లేదు. ఉస్మానియా, కాకతీయ లాంటి చోట్లకు తెలంగాణ పీజీ ఎంట్రన్స్ సీపీజెట్, ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట్లకు ఏపీ పీజీసెట్. రెండిట్లోనూ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, ర్యాంకును బట్టే సీటు. టిస్‌కి, అంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌కి, ముంబైతో పాటు తుల్జాపూర్, గువాహటి, మన హైదరాబాద్‌లో కూడా క్యాంపస్‌లున్నాయి. 2023 నుంచి వాళ్ళు సొంత పరీక్ష టిస్‌నెట్‌ను పక్కనపెట్టి దేశమంతటికీ జరిగే ఉమ్మడి పరీక్ష సీయూఈటీ పీజీ స్కోరు తీసుకోవడం మొదలుపెట్టారు. సీయూఈటీలో నేను రాసిన 2024లో 75 ప్రశ్నలు, 105 నిమిషాలు. తర్వాతి ఏడాది 90 నిమిషాలకు తగ్గించారు. రూల్స్ ఏటా కొంచెం మారుతుంటాయి కాబట్టి మీ ఏడాది బులెటిన్ మీరే చదవండి, నా మాట పట్టుకుని కూర్చోకండి.

సీయూఈటీలో ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఇక్కడే మొదటిసారి బోల్తా పడ్డాను. నెగెటివ్ అనే మాట వినగానే చేతులు వణికి, కొంచెం అనుమానం ఉన్నవన్నీ వదిలేశాను. ఇంటికొచ్చాక లెక్కేస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి కచ్చితంగా కాదని తెలిసిందనుకోండి, మిగిలింది మూడు. అలాంటివి మూడు ప్రశ్నలు పెడితే సగటున ఒకటి తగులుతుంది: నాలుగొచ్చి రెండు పోతాయి, రెండు మిగులుతాయి. బీకాం చదివినదాన్ని, ఈ లెక్క పరీక్షకు ముందు ఎందుకు వేసుకోలేదో నాకే తెలియదు. ఒక్క ఆప్షన్ కొట్టేయగలిగినా పెట్టేయండి.

పుస్తకాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సోషియాలజీ పునాది కోసం తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు. సోషల్ వర్క్ కోసం ఇగ్నో (ఓపెన్ యూనివర్సిటీ) మెటీరియల్, వాళ్ళ ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తెలుగు మీడియం వాళ్ళకు ఒక మాట: సీయూఈటీ పేపర్ తెలుగులో ఉండదు, కానీ భయపడాల్సిన పని లేదు. కేస్ వర్క్ (ఒక్క మనిషితో చేసే పని), గ్రూప్ వర్క్ (కొంతమందిని కలిపి చేసే పని) లాంటి మాటలకు క్లాసులో ఎవరూ తెలుగు అనువాదాలు వాడరు. విషయం తెలుగులో అర్థం చేసుకుని, పదం ఇంగ్లీష్‌లో గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. మొదటి ఏడాది నేను కరెంట్ అఫైర్స్ మాసపత్రికలు పన్నెండు కొని బట్టీ పట్టాను. ఆ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కున్నా ఫీల్డ్‌వర్క్‌లో పనికొచ్చేవి.

చరిత్రను సంవత్సరాల పట్టీలా చదివితే నాలుగు రోజుల్లో గాలికి పోతుంది. నేను రెండోసారి దాన్ని ఒక తగాదాలా చదివాను. 1601లో ఇంగ్లండ్ పేదల చట్టం పేదల్ని ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని విడదీసింది. "ఎవరికి సాయం దక్కాలి, ఎవరికి దక్కకూడదు" అనే గొడవ అక్కణ్ణుంచి నడుస్తూనే ఉంది. 1869లో లండన్‌లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి విచారించి ఇవ్వాలన్నారు. 1889లో షికాగో పేదల పేటలో హల్ హౌస్ అనే సేవా కేంద్రం పెట్టిన జేన్ ఆడమ్స్ అసలు ఆ పేటలోనే కాపురం పెట్టింది. 1915లో ఫ్లెక్స్‌నర్ అనే ఆయన సోషల్ వర్క్ అసలు వృత్తే కాదు పొమ్మన్నాడు. రెండేళ్ళకే, 1917లో, మేరీ రిచ్‌మండ్ "సోషల్ డయాగ్నసిస్" వచ్చింది. ఒక మనిషి పరిస్థితిని ఆధారాలతో ఎలా అంచనా వేయాలో అంత లావు పుస్తకం రాసింది. ఇలా చదివితే సంవత్సరాలు వాటంతటవే గుర్తుంటాయి. మన దగ్గర 1936లో ముంబైలో సర్ దొరాబ్జీ టాటా పేరుతో మొదలైన స్కూలే తర్వాత టిస్ అయింది.

దానం, సంస్కరణ, సంక్షేమం, సోషల్ వర్క్ మధ్య తేడా అనేది ఎక్కడ చూసినా వచ్చే ప్రశ్న. నిర్వచనాలు నా బుర్రకెక్కలేదు. మన మనుషుల్ని పెట్టుకుంటే ఎక్కాయి. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్ళకు లేదనకుండా వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారిది దానం. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారిది సంస్కరణ, ఆయన కొట్లాట ఆచారంతో. అదే రాజమండ్రిలో పుట్టి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిది సంక్షేమాన్ని ఒక వ్యవస్థగా నడిపించడం. మరి సోషల్ వర్కర్ ఎవరు? ఈ ముగ్గురి తర్వాత ఖాళీగా మిగిలిన నాలుగో గడిలో ఏం రాయాలో నాకు ఇంటర్వ్యూలో పోయాక గానీ తెలియలేదు.

చట్టాల్లో పేరు, సంవత్సరం మాత్రమే కాదు, లోపల ఒక్క పని చేసే ముక్క పట్టుకోండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం అంటే, నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసే బోర్డులో మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చుంటారు, వాళ్ళలో కనీసం ఒకరు మహిళ. 2005 గృహహింస చట్టం అంటే బాధితురాలికి అండగా ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్. 2016 వికలాంగుల హక్కుల చట్టం అంటే పాత ఏడు వైకల్యాలు 21 అయ్యాయి. ఈ ఆఖరిది నేను మొదటిసారే బట్టీ పట్టాను. ఏం లాభం?

2023 ఇంటర్వ్యూ. సంస్థ పేరు వద్దు, తప్పు వాళ్ళది కాదు కూడా. "సోషల్ వర్క్ ఎందుకు?" అని అడిగారు. "చిన్నప్పటి నుంచీ సేవ చేయాలని కోరిక మేడం" అన్నాను. ముగ్గురిలో ఒకాయన పెన్ను కింద పెట్టేశారు. మేడం మాత్రం నా ఫారం చూసి, "మర్రిగూడ అంటే ఫ్లోరైడ్ ప్రాంతం కదా?" అన్నారు. నా మొహం వెలిగిపోయింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్ వస్తుందని, లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరని, గడగడా చెప్పేశాను. ఆమె అంతా విని, "ఫ్లోరోసిస్ ఉన్న ఒక మనిషికి పొద్దున లేచిన దగ్గర్నుంచి రోజెలా గడుస్తుందో చెప్పండి" అన్నారు.

మా వీధి చివర పెద్దమ్మ ఉంది. వెన్ను వంగిపోయి, మెడ తిరగదు. పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను. ఆమె రోజెలా గడుస్తుందో నాకు తెలియదు. "కష్టంగా గడుస్తుంది మేడం" అన్నాను. అయిపోయింది.

ఊరికొచ్చాక రెండు వారాలు పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత ఓ మధ్యాహ్నం వెళ్ళి పెద్దమ్మ గడప మీద కూర్చున్నాను. ఇంటర్వ్యూ కోసమే వెళ్ళాను, అబద్ధం ఎందుకు. మనిషి మొహం చూసి మాట్లాడాలంటే ఆమె ముందు గోడకు వీపు ఆనించుకోవాలి. టీ గ్లాసును పైకెత్తదు, స్టీలు గ్లాసును గట్టు మీద పెట్టి తనే వంగుతుంది. బిందె ఎత్తలేదు కాబట్టి నల్లా వచ్చే టైముకి చెంబుతో పదిసార్లు తిరుగుతుంది. నొప్పుల గురించి చెప్తుందనుకున్నాను. ఆమె చెప్పింది బస్సు గురించి. అప్పట్లో పింఛను కావాలంటే వైకల్యం కనీసం నలభై శాతం ఉందని డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉండాలి. ఆ పరీక్షకు మీసేవలో స్లాట్ రెండుసార్లు దొరికిందట. రెండుసార్లూ బస్టాండ్ దాకా వెళ్ళి వెనక్కొచ్చిందట. "మెట్టు అందదు బిడ్డా. ఎవరన్న ఎత్తుకుంటరు గానీ, అందరి ముంగట నాకు సిగ్గయితది."

ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాస్తుంటే బీస్టెక్ గుర్తొచ్చాడు. కేస్ వర్క్‌లో ఏడు సూత్రాలని ఈయన పేరు మీద తరచూ ఒక ప్రశ్న వస్తుంటుంది. అందులో స్వీయ నిర్ణయం ఒకటి: ఎలాంటి సాయం కావాలో ఆ మనిషే తేల్చుకోవాలి. నాకైతే ఆమెను ఎత్తి బస్సులో కూర్చోబెట్టడం రెండు నిమిషాల పని. ఆమెకు అదే వద్దు. ఏం కావాలని అడిగితే, "పీట ఉంటే నేనే ఎక్కుత" అంది.

మా ఇంట్లో అమ్మ పప్పు ఎనపడానికి కూర్చునే చెక్కపీట తీసుకెళ్ళాను. బస్సు మెట్టు కింద వేస్తే కండక్టర్ విసుక్కున్నాడు, డ్రైవర్ ఆగాడు. ఆమె నా భుజం పట్టుకుని, పీట మీద ఒక కాలు, మెట్టు మీద ఒక కాలు వేసి, ఎక్కేసింది. దిగేటప్పుడు ఎక్కడం కన్నా కష్టమైంది, అది మేం ముందు ఆలోచించలేదు.

2024 ఇంటర్వ్యూలో ఊరి పేరు రాగానే ఫ్లోరైడ్ ప్రశ్నే వచ్చింది. ఈసారి మిల్లీగ్రాములు చెప్పలేదు. స్టీలు గ్లాసు, చెంబు, బస్సు మెట్టు చెప్పాను. "అయితే మీరు సేవ చేశారన్నమాట" అని ఒకరు కావాలనే గుచ్చారు. "లేదు సార్, పీట ఆమె ఆలోచన. నేను మోశానంతే" అన్నాను. "ఆమె ఒక్కదానికి పీట వేశారు. మిగతావాళ్ళకి?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదని ఒప్పుకున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 41 రవాణా గురించే చెప్తుందని, ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క రాయడం మొదలుపెట్టానని, ఇప్పటికి పదకొండు ఇళ్ళయ్యాయని చెప్పాను. కేస్ వర్క్ ఎక్కడ ఆగి, ఊరిని కూడగట్టే కమ్యూనిటీ ఆర్గనైజేషన్ ఎక్కడ మొదలైందని అడిగితే, పన్నెండో ఇంటి దగ్గర మొదలవుతుందేమో అన్నాను. నవ్వారు. జవాబు సరైందో కాదో ఇప్పటికీ తెలియదు.

మీ ఊళ్ళో ఫ్లోరైడ్ ఉండకపోవచ్చు. వలస ఉంటుంది, బాల్య వివాహం ఉంటుంది, తాగుడు ఉంటుంది. ఏదో ఒకటి పట్టుకుని ఇద్దరు ముగ్గురితో కూర్చోండి. ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకో మన మాటల్లో రాసిచ్చే పత్రం) రాసేటప్పుడు మాత్రం మీరు కన్నీళ్ళు పెట్టుకున్న సంగతి రాయకండి, ప్యానెల్‌కి అలాంటివి బస్తాల కొద్దీ వస్తాయి. అన్నట్టు, వాళ్ళ కథను అమ్ముకుంటున్నామా అన్న గిల్టీ ఫీలింగ్ నాకూ ఉండేది. పేరు, ఇంటి గుర్తులు తీసేసి, ఫలానా చోట చెప్పొచ్చా అని పెద్దమ్మను అడిగాకే చెప్పాను.

చేరాక ఏమవుతుందో కూడా తెలిసుండాలి. మా దగ్గర వారంలో రెండు రోజులు ఫీల్డ్‌వర్క్, ప్రతి విజిట్‌కీ రిపోర్ట్. నా మొదటి రిపోర్ట్‌లో "క్లయింట్ చాలా బాధలో ఉంది" అని రాస్తే సూపర్‌వైజర్ ఆ వాక్యం చుట్టూ ఎర్ర గీత గీసి, "ఎలా తెలిసింది?" అని రాశారు. మూడుసార్లు తిరగరాశాను. చివరికి, "నేను అడిగిన రెండు ప్రశ్నలకు ఆమె జవాబు చెప్పలేదు, కొంగు కొనను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది" అని రాస్తే దాటింది. నాన్న ప్రశ్నకు ఇదే నా జవాబని ఒకరోజు ఫోన్‌లో చెప్పాను. "గిది నేర్చుకోనీకి రెండేండ్లా?" అన్నాడు. రెండేళ్ళు చాలవని చెప్పలేదు, ఫీజు కట్టేది ఆయనే.

సీటొచ్చిందని చెప్పడానికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ మొదట అడిగింది, "మరి పీట?" అని. అమ్మ దాన్ని వెనక్కి అడుగుతోంది. చివరికి వడ్రంగి పని చేసే వడ్ల బ్రహ్మయ్య దగ్గర కొంచెం వెడల్పుగా ఇంకోటి చేయించాం, దిగేటప్పుడు జారకుండా కింద పాత టైరు ముక్కలు కొట్టించి. అది ఇప్పుడు బస్టాండ్ పక్కన టీ కొట్టులో ఉంటోంది. మొన్న ఊరెళ్ళినప్పుడు చూస్తే ఎవరో ముసలాయన దాని మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బస్సు రాగానే లేచి, తనే తీసుకెళ్ళి మెట్టు కింద వేశాడు.