మోకాలిలో అతికించిన గుజ్జు

ఎంఆర్ఐ చూసి సర్జన్ చెప్పినది ఒక రకంగా శుభవార్తే. మోకాలి దగ్గర తొడ ఎముక చివరను కప్పే గుజ్జు (కార్టిలేజ్) రూపాయి బిళ్ళంత మేర ఊడిపోయింది, మిగతాదంతా బాగుంది. డాలస్‌లో వారాంతాల్లో బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. ఒకరోజు కాలు మెలిపడింది. ఆ తర్వాత మెట్లు దిగుతుంటే మోకాలు పట్టేసేది, సాయంత్రానికి వాచేది.

చర్మం తెగితే మానుతుంది కదా, ఇదెందుకు మానదు అని అడిగాను. గుజ్జులో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. బాగుచేసే సరంజామా అక్కడికి చేరే దారే లేదు. 1743లోనే విలియం హంటర్ అనే వైద్యుడు లండన్‌లో ఈ మాట రాసిపెట్టాడట, ఒకసారి పోయిన గుజ్జు తిరిగి రాదని.

నా ముందు ప్రధానంగా రెండు దారులు పెట్టారు. మొదటిది మైక్రోఫ్రాక్చర్: ఎముకకి సన్నటి చిల్లులు పొడిస్తే మూలుగలోంచి రక్తం వచ్చి గడ్డకట్టి, కొత్త పొర తయారవుతుంది. కానీ ఆ పొర మచ్చలాంటిది, అసలు గుజ్జంత దిటవుగా ఉండదు. నాకున్నంత పెద్ద గుంటకి ఎక్కువకాలం ఆగదన్నారు. రెండోది మాసీ: నా గుజ్జు కణాలనే ల్యాబ్‌లో పెంచి, కొలాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన పొర మీద పరిచి, తెచ్చి అతికించడం. ఇలా సొంత కణాలను పెంచి పెట్టే పద్ధతిని 1994లో స్వీడన్ వైద్యులు ప్రచురించారు. అప్పుడు కణాల ద్రవాన్ని గుంటలో పోసి పైన పొర కుట్టేవారు. పొర మీదే కణాలు పరిచే ఈ పద్ధతికి అమెరికాలో 2016 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది. గుజ్జుతోపాటు కింద ఎముక కూడా దెబ్బతింటే పగడపు దిమ్మ బిగించే పద్ధతి ఉంది, దానికి 2022లో అనుమతిచ్చారు. నా ఎముక బాగుంది కాబట్టి అంతదూరం పోలేదు, మాసీకే సిద్ధపడ్డాను.

ఆ కొలాజెన్ పందిదని తెలిసి ఇంట్లో పెద్ద చర్చ. మా అత్తయ్యగారు చీమను కూడా తొక్కరు. రెండు రోజులు ఆలోచించి, "నోట్లోకి పోయేది కాదుగా, కానివ్వమ్మా" అన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. మొదట కాదన్నారు, సర్జన్ స్వయంగా మాట్లాడాకే ఒప్పుకున్నారు.

మొదటి ఆపరేషన్‌లో బరువు పడని అంచు నుంచి చిన్న ముక్కలు తీసి ల్యాబ్‌కి పంపారు. రెండోదాంట్లో గుంట అంచులు శుభ్రం చేసి, పొరని ఆ ఆకారానికి కత్తిరించి, కణాలున్న వైపు ఎముకకి ఆనేలా ఫైబ్రిన్ అనే, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రోటీన్ జిగురుతో అంటించారు. ఆపరేషన్ సులువుగానే గడిచింది, అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది.

పొర కొన్నాళ్ళకి కరిగిపోతుంది. ఈలోగా కణాలు దాని స్థానంలో గుజ్జు తయారుచేయాలి. రక్తం అందని చోట వాటికి తిండి కీలులోని ద్రవమే, ఆ ద్రవం లోపలికి ఇంకాలంటే మోకాలు కదలాలి. అందుకే కాలిని మెల్లగా వంచి చాచే మెషీన్‌లో రోజూ గంటలకొద్దీ పడుకునేదాన్ని. మరీ ఎక్కువ బరువేస్తే లేత పొర ఊడుతుంది, అసలు వేయకపోతే గట్టిపడదు. ఫిజియో అమ్మాయి బరువు చూసుకునే మెషీన్ మీద పాదం పెట్టించి, ముల్లు ఫలానా అంకె దాటకూడదనేది. వారం వారం ఆ అంకె పెంచేది. తొడ కండ మాత్రం సన్నబడిపోయింది. నొప్పి కంటే ఆ కాలిని చూసుకున్నప్పుడే ఏడుపొచ్చేది.

తెనాలి నుంచి అమ్మ ఫోన్లో అడిగేది, "నాక్కూడా అలా అతికిస్తారేమో కనుక్కోవే". ఆవిడ మోకాళ్ళు రెండూ పూర్తిగా అరిగాయి. పొర నిలవాలంటే చుట్టూ మంచి గుజ్జు ఉండాలి, ఆవిడకి ఆ అంచే లేదు. పైగా 55 దాటినవాళ్ళలో మాసీ పనిచేస్తుందని నిరూపణ కాలేదు. ఇంతలో అక్కడెవరో ఇంజెక్షన్‌తో గుజ్జు పెరుగుతుందని చెప్పి లక్షల్లో అడిగారు. చేయించుకున్నవాళ్ళ ముందూ వెనకా ఎంఆర్ఐలు చూపించమన్నాను, వాళ్ళ నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. అమ్మకి మోకాలి మార్పిడే సరైన దారి. సంక్రాంతి తర్వాత చేయిస్తున్నాం.

ఏడాది తర్వాత తీసిన ఎంఆర్ఐలో గుంట నిండింది. మెట్లు దిగుతున్నాను, షటిల్ మాత్రం ఇంకా ముట్టుకోలేదు. నిండినది అచ్చంగా అసలు గుజ్జేనా అన్నది ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితేగానీ గట్టిగా చెప్పలేమన్నాడు సర్జన్. అది తెలుసుకోవడానికి మళ్ళీ కత్తి పెట్టించుకునే ఉద్దేశం నాకు లేదు.