విజయవాడ దారిలో చార్జింగ్

హైదరాబాదు నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 270 కిలోమీటర్లు. నా ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 40 యూనిట్లది. వేగం తొంభై దాటనీయకుండా నడిపితే యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తుంది కనుక, లెక్క ప్రకారం విజయవాడ పొలిమేరలోని గొల్లపూడి ప్రాంతంలోనే బండి ఆగిపోవాలి. దారిలో ఒకసారి చార్జింగ్ పెట్టక తప్పదు.

కొత్తలో వంద శాతం నిండేదాకా కదిలేవాణ్ణి కాదు. అది శుద్ధ దండగ. డీసీ ఫాస్ట్ చార్జర్ ఎనభై శాతం వరకు చురుకుగా ఎక్కిస్తుంది. ఆపైన సెల్స్ వోల్టేజీ పరిమితికి చేరువవుతుంది కాబట్టి కారే కరెంటు తీసుకోవడం తగ్గిస్తూ వస్తుంది. సూర్యాపేటలో ఇడ్లీ తిని కాఫీ తాగే ఇరవై అయిదు నిమిషాల్లో 30 కిలోవాట్ల గన్‌తో, అంటే చార్జర్ నుంచి కారుకు తగిలించే ప్లగ్గుతో, పన్నెండు యూనిట్లు ఎక్కుతాయి, విజయవాడకు అవి చాలు. చార్జర్ బోర్డు మీద 60 కిలోవాట్లు అని రాసి ఉన్నా, రెండో గన్‌కు మరో కారు తగిలించారంటే చాలాచోట్ల చెరి సగమే వస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

ఒకసారి యాప్‌లో సిద్ధంగా ఉందని చూపించిన చార్జర్ దగ్గరకు వెళితే తెర నల్లగా ఉంది. "మూడు రోజులైంది సార్ చెడిపోయి" అన్నాడు వాచ్‌మన్. బ్యాటరీలో నలభై ఎనిమిది శాతం మిగిలి ఉండబట్టి మరో నలభై అయిదు కిలోమీటర్లు నడిపి కోదాడలో ఎక్కించుకున్నాను. అప్పటినుంచి, మొదటి చార్జర్ పనిచేయకపోయినా రెండోదానికి చేరగలిగేంత మిగుల్చుకునే ఆగుతున్నాను. వేర్వేరు కంపెనీల యాప్‌లు రెండింటిలో ముందే డబ్బు వేసి ఉంచుతున్నాను.

రాత్రి బస ఉంటే ఏసీ మిషన్‌కు వాడే 15 ఆంపియర్ల ప్లగ్గే మేలు, 3.3 కిలోవాట్ల చొప్పున ఖాళీ బ్యాటరీ నిండడానికి పన్నెండు గంటలు దాటినా, మనం నిద్రపోతూ ఉంటాం గదా. అయితే ఎర్తింగ్ సరిగా ఉండాలి. విజయవాడలో మా పెద్దమ్మ గారిది పాత ఇల్లు, కారుతో వచ్చిన చార్జర్ పెట్టగానే ఎర్రదీపం వెలిగి మొరాయించింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, పెరట్లో ఎండిపోయిన ఎర్తింగ్ గుంతలో ఉప్పు వేసి నాలుగు బిందెల నీళ్లు పోయించాక గానీ పచ్చదీపం రాలేదు.