సింగపూర్ గోడల మీద మద్రాసు గచ్చు

ద్వీపాంతరం అనగానే మనలో చాలామందికి అండమాన్‌లోని సెల్యులర్ జైలు, దాని ఇరుకు కొట్లు, ఖైదీలు ఎద్దుల్లా తిప్పిన నూనె గానుగలు గుర్తుకు వస్తాయి. ఆ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. ఈస్టిండియా కంపెనీ మన ఖైదీలను సముద్రం దాటించడం మాత్రం 1787లోనే, సుమత్రా దీవిలోని బెంకూలెన్‌తో మొదలుపెట్టింది. సెల్యులర్ జైలు తలుపులు తెరుచుకునే నాటికే ఈ శిక్షకు వందేళ్ళకు మించిన చరిత్ర ఉంది. మనం దాని చివరి అధ్యాయాన్నే మొత్తం కథగా చెప్పుకుంటున్నాం.

ఒడిశా ఏర్పడిన 1936 దాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాబట్టి కంపెనీ కాగితాల్లో ‘మద్రాసు ఖైదీలు’ అని గంపగుత్తగా రాసుకున్న మనుషుల్లో తంజావూరు వాడు ఎలా చేరతాడో, ఇక్కడి కోర్టులో శిక్ష పడినవాడూ అలాగే చేరతాడు. గోపాలపురం రేవులో ఓడెక్కి రంగూన్‌కు కూలికి వెళ్ళిన తాతల కథలు బరంపురం తెలుగు వీధుల్లో నేటికీ చెప్పుకుంటారు గానీ, సంకెళ్ళతో ఓడెక్కినవారిని తమ వంశంలో లెక్క చెప్పుకునే ఇల్లు నేనెక్కడా చూడలేదు. కూలికి వెళ్ళినవాడు డబ్బు పంపాడు, తిరిగి వచ్చాడు. శిక్ష పడినవాడు కులానికీ ఊరికీ చచ్చినవాడితో సమానమయ్యాడు.

వీళ్ళందరూ హంతకులూ దోపిడీదారులూ కారు. 1802లో శివగంగ పాలెగార్ల తిరుగుబాటు అణచివేశాక, వెంగం పెరియ ఉడయ తేవర్‌తో పాటు డెబ్బై మందికి పైగా తిరుగుబాటుదారులను తూత్తుకుడి నుంచి మలయా తీరంలోని పినాంగ్ దీవికి పంపేశారు. అయితే రాజకీయ ఖైదీలను స్మరించుకోవడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. నాకు ఆసక్తి కలిగించేది, ఏ జెండా కిందా చేరని మామూలు నేరస్థుల సంగతి.

1818లో బెంకూలెన్‌కు అధికారిగా వచ్చిన రాఫెల్స్ ఖైదీలను మూడు తరగతులుగా విభజించాడు. మొదటి తరగతివారు భూమి సాగు చేసుకుని స్థిరపడవచ్చు, కోర్టులో సాక్ష్యం చెప్పవచ్చు. రెండో తరగతివారు మామూలు పనులు చేయాలి. మూడో తరగతివారికి కఠిన శ్రమ, రాత్రిళ్ళు నిర్బంధం. 1824 ఒప్పందంతో బెంకూలెన్ డచ్చివారి వశమైనప్పుడు ఖైదీలను పినాంగ్‌కూ సింగపూర్‌కూ తరలించారు. 1825 ఏప్రిల్‌లో అలా సింగపూర్‌లో దిగిన మొదటి 80 మంది మద్రాసు వారే. వారం తిరిగేసరికి బెంగాల్ వారు 122 మంది వచ్చి చేరారు.

అప్పటికి సింగపూర్ కంపెనీ చేతికి వచ్చి ఆరేళ్ళే. బురద నేలలు పూడ్చాలి, అడవి నరకాలి, బాటలు వేయాలి, కాని కూలి ఖరీదైనది. ఆ లోటును ఖైదీలతో పూడ్చారు. తర్వాతి కాలంలో తరగతులను ఆరుకు పెంచారు. కొత్తగా వచ్చినవాడు కాళ్ళకు ఇనుప గొలుసులతో రోడ్డు పనికి వెళ్ళేవాడు. నడవడి బాగుంటే గొలుసులు తీసేవారు. ఇంకా నమ్మకం కుదిరితే తోటి ఖైదీలపై మేస్త్రీగా, కాపలాదారుగా నియమించేవారు. చివరకు సెలవు చీటీ ఇచ్చి, ఊళ్ళో తన బతుకు తాను బతకమనేవారు. జీతాలిచ్చి పెట్టుకున్న బయటి జవాన్ల స్థానంలో ఖైదీలే ఖైదీలకు కాపలా కాశారు. దీన్ని దయగా వర్ణించిన అధికారులున్నారు. నా మట్టుకు ఇది ముందు ఖర్చు లెక్క, ఆ తర్వాతే ఏదైనా దయ. ఆశ చూపి పని చేయించుకోవడం కొరడా కంటే చవకని వాళ్ళు కనిపెట్టారు, అంతే.

ఆ శ్రమ ఫలితాలు నేటికీ నిలిచి ఉన్నాయి. 1851లో వెలిగిన హార్స్‌బర్గ్ దీపస్తంభం పనిలో ఖైదీలున్నారు. 1869లో పూర్తయి, నేడు అధ్యక్షుని అధికారిక నివాసమైన ఇస్తానా వాళ్ళు కట్టినదే. సెయింట్ ఆండ్రూస్ చర్చిని 1856 నుంచి ఆరేళ్ళ పాటు ఖైదీలే కట్టారు. దాని లోపలి గోడలకు వేసిన పూత పేరు మద్రాసు చునం, అంటే మన గచ్చు. ఖైదీల పనులు చూసిన ఇంజనీరు మెక్‌నైర్ ఆ కలిపే పద్ధతిని వివరంగా రాసిపెట్టాడు: ఇసుక కలపని గవ్వ సున్నంలో గుడ్డు తెల్లసొన, బెల్లం వేసి ముద్దగా నూరి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో కలిపి గోడకు పూయాలి, కొంత ఆరాక స్ఫటికంతో గాని నున్నటి గుండ్రాయితో గాని రుద్దుతూ, మధ్య మధ్య బలపపు రాతి పొడి చల్లుతూ ఉంటే అది అద్దంలా మెరుపు తేలుతుంది.

మా వీధిలో పాత మిద్దెలు బాగుచేసే ఒక ముసలి తాపీ మేస్త్రికి దీన్ని చదివి వినిపించాను. ఆయన బెల్లానికీ తెల్లసొనకూ తల ఊపి, “కరక్కాయ నీళ్ళు లేకుండా ఎలాగ బాబూ?” అని ఒక్క ప్రశ్న వేశాడు. కొబ్బరి తోటల దీవిలో పీచు నీళ్ళే దొరికి ఉంటాయని నేనన్నాను, ఆయన ఒప్పుకోలేదు. ఆ చర్చి గోడలు రుద్దినవాళ్ళలో ఎవరు ఈ పని ఇంటి దగ్గర నేర్చుకుని వెళ్ళారో, ఎవరు గొలుసులతో నేర్చుకున్నారో గాని, ఆ చర్చికి రూపకల్పన చేసిన మాక్‌ఫెర్సన్ పేరును చరిత్ర భద్రంగా దాచింది, గోడ రుద్దినవాళ్ళను మాత్రం తరగతుల సంఖ్యలుగానే మిగిల్చింది.

1867లో సింగపూర్, పినాంగ్‌లు ఇండియా ప్రభుత్వం చేతి నుంచి విడిపోయాయి. 1873లో సింగపూర్ ఖైదీల వ్యవస్థను మూసివేసి, శిక్ష మిగిలినవారిని పోర్ట్ బ్లెయిర్‌కు పంపారు. విడుదలైన వారిలో చాలామంది అక్కడే పాల వ్యాపారమో, బళ్ళు తోలడమో, తాపీ పనో చేసుకుంటూ ఉండిపోయారు. అంతకు ముందే, 1868లో పోర్ట్ బ్లెయిర్ సూపరింటెండెంట్‌గా వచ్చిన హెన్రీ మాన్ సింగపూర్, పినాంగ్‌ల తరగతుల పద్ధతిని అండమాన్‌లో ప్రవేశపెట్టాడు. అక్కడ కూడా ఖైదీ కొన్నేళ్ళు గడిచాక చీటీ సంపాదించి, పొలం దున్నుకుని, పెళ్ళి చేసుకుని ఇల్లు కట్టుకోగలిగాడు. ఇండియా జైళ్ళలో మగ్గడం కంటే ద్వీపాంతరమే మేలని ఖైదీలు అనుకుంటున్నారని 1890లో అండమాన్‌ను పరిశీలించిన లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు నివేదించారు. శిక్షకు భయం తగ్గిందని, వచ్చిన ప్రతివాణ్ణీ మొదట కొంతకాలం ఒంటరి కొట్టులో పెట్టాలని వారు చేసిన సిఫారసు మీదనే సెల్యులర్ జైలు కట్టారు.